యెరూషలేముకు పోయి కాశీ అన్నాను

తప్పు చేసినవాడికి ముందుగా వచ్చేది సిగ్గు కాదు, తెలివి. సిగ్గు తీరిగ్గా తర్వాత వస్తుంది. నా విషయంలో అది నాచారంలోని మా ఇంటికే, రెండంతస్తుల మెట్లెక్కి మరీ వచ్చింది.

నా పేరు దయాకర్. ఏ మతం వాళ్లకైనా సరిపోయే పేరు, మా నాన్న ఆలోచించే పెట్టాడు. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. మా తాత నాటి నుంచి మాది క్రైస్తవ కుటుంబం. కానీ నా ఎస్సీ సర్టిఫికెట్ మీద మాత్రం హిందువు అని ఉంటుంది. క్రైస్తవుడినని ఒప్పుకుంటే నేను ఎస్సీని కాను. ఎస్సీని కాకపోతే ఆ కాగితం మీద వచ్చిన ఉద్యోగమూ నాది కాదు. అందుకే ఇరవై నాలుగేళ్లుగా ఆదివారం ఒక మనిషిని, సోమవారం ఇంకో మనిషిని.

యెరూషలేము వైపు యుద్ధం మొదలవడానికి ముందు ఏడాది, మా పాస్టరుగారు నలభై మందిని పరిశుద్ధ దేశయాత్రకు తీసుకెళ్తున్నారని తెలిసింది. నా భార్య సారలమ్మ పట్టుబట్టింది. జాతరలో మొక్కుకుంటే పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారు. పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. తాత నాటి క్రైస్తవుడినైన నాకంటే ఆమె నమ్మకమే గట్టిది.

"బతుకుల ఒక్కసారన్న ప్రభువు నడిచిన నేల తొక్కాలె," అంది.

పన్నెండు రోజుల సెలవు కాగితం చూసి మా సూపరింటెండెంట్ రామచంద్రరావుగారు కళ్లజోడు పైకి నెట్టారు. విదేశానికి పోవాలంటే ఆఫీసు అనుమతి కావాలి. అడిగితే ఏ దేశమని అడుగుతారు, కాబట్టి నేను అడగలేదు.

"ఇన్ని రోజులు ఎక్కడికయ్యా?"

"కాశీకి సార్."

నోట్లోంచి అదే ఊడిపడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "అదృష్టవంతుడివి! మా ఆవిడ ఇరవై ఏళ్లుగా అడుగుతోంది. ఇప్పుడు తీసుకెళ్దామంటే మోకాళ్లు సహకరించవు," అన్నారు. అప్పటికప్పుడే సంతకం పెట్టేశారు.

యెరూషలేములో మూడో రోజు, శిష్యుడైన పేతురు కోడి కూసేలోగా తన ప్రభువును ఎరగనని ముమ్మారు బొంకిన చోటని చెప్పే చర్చికి తీసుకెళ్లారు. పాస్టరుగారు ముంగిట్లో నిలబడి ఆ వాక్యభాగం చదువుతుంటే సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నా జేబులో ఫోన్ మోగింది. ఆఫీసు గ్రూపులో చంద్రిక మెసేజ్. "సార్, కాశీ ఫొటోలు పెట్టండి, మేమూ దర్శనం చేసుకుంటాం."

స్తంభం చాటుకు పోయాను. గూగుల్‌లో గంగ ఒడ్డు ఫొటో ఒకటి వెతికి పంపాను. రామచంద్రరావుగారు వెంటనే దండాలు పెట్టారు. అప్పుడు కోడి కూసిందా అని నన్నడక్కండి. కూసినా నాకు వినపడేది కాదు, సిగ్నల్ చూసుకుంటున్నాను.

తిరిగొచ్చాక ఆఫీసులో నాకు మర్యాద పెరిగింది. ఉప్పల్ మెట్రో కింద కొన్న నల్లదారాలు కాశీ దారాలని పంచాను. చంద్రిక ఒకటి వాళ్ల బాబు చేతికి కట్టింది. ఆ తర్వాత అడిగింది.

"కాశీల ఏం వదిలిపెట్టిన్రు సార్?"

కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయనో పండునో అక్కడ వదిలేసి వస్తారు, ఇక జన్మలో ముట్టరు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

"వంకాయ," అన్నాను.

మరుసటి బుధవారం డబ్బాలో గుత్తి వంకాయ. అందరూ నా పక్కనే కూర్చుని తింటున్నారు. ఉత్త పెరుగన్నం తిని డబ్బా మూతపెట్టాను.

సాయంత్రం సారలమ్మ డబ్బా విప్పి చూసింది. "ఏమైంది, ఉప్పెక్కువైందా?"

తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్లుంటాను? అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ఆమె కూర పారబోసి, డబ్బా తోమి బోర్లించింది.

"గా ఫొటో యాడ ఉన్నప్పుడు పంపినవ్?"

చెప్పాను. శుక్రవారం పొద్దున ఆమె టీ ఇస్తూ అంది. "ఆఫీసుల నిజం చెప్పుమని అంటలేను. ఉద్యోగం పోతే ఇల్లెట్ల నడుస్తదో నాకు తెల్వదా? గానీ శనివారం కూటంల పేతురు మీద సాక్ష్యం చెప్త అన్నవ్ కదా, గది మాత్రం చెప్పకు."

ఆ శనివారం ఆరింటికి మా ఇంట్లో ప్రార్థన కూటం. యాత్ర చేసొచ్చినవాళ్లు అక్కడి అనుభవం నలుగురికీ చెప్పాలి, దాన్నే సాక్ష్యం అంటాం. పేతురును వదిలేసి గలిలయ సముద్రం గురించి రెండు పేజీలు రాసుకున్నాను. ఐదింటికి బెల్ మోగింది. కిటికీలోంచి చూస్తే రామచంద్రరావుగారు, పక్కన కర్ర పట్టుకుని ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు.

"ఒక్క నిమిషం సార్!" అని కేకేసి గోడ మీది సిలువను, యెరూషలేము ఫొటోను పీకి పరుపు కింద దోపాను. వంటింటి గుమ్మంలో నిలబడి సారలమ్మ అంతా చూసింది.

అన్నపూర్ణమ్మగారు ఆయాసపడుతూనే లోపలికొచ్చారు. "నేనెలాగూ వెళ్లలేను నాయనా. వెళ్లొచ్చినవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టుకున్నా పుణ్యమేగా," అంటూ వంగబోయారు.

అరవై ఏళ్ల మనిషి. "వద్దమ్మా, వద్దు," అంటూ వెనక్కి జరిగాను. సిలువ తీసేసిన ఉత్త మేకు వీపుకు గుచ్చుకుంది. ఆమె మాత్రం నేలను తాకి కళ్లకద్దుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆమె సారలమ్మను చూశారు. "అయ్యో, పనిలోపడి బొట్టు మర్చిపోయావా తల్లీ? కాశీ చూసొచ్చిన ముత్తైదువవి," అంటూ సంచిలోంచి కుంకుమ భరిణె తీశారు.

సారలమ్మ నా వైపు చూసింది. నేను ఒక్క మాటంటే చాలు. రామచంద్రరావుగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. నేను నేలచూపులు చూశాను.

ఆమె తల వంచింది. బాప్తిస్మం తీసుకున్నాక ఎన్నడూ బొట్టు పెట్టుకోని నుదుటి మీద అన్నపూర్ణమ్మగారు ఇంత పెద్ద బొట్టు పెట్టారు. సారలమ్మ వాళ్లకు టీ ఇచ్చింది, మెట్ల దాకా చెయ్యి పట్టుకుని దించింది.

ఆమె పైకి వచ్చేసరికి తడి తువ్వాలతో ఎదురెళ్లాను. "జల్ది తుడుచుకో. ఆరైతుంది, అందరొస్తరు."

"తుడువ."

"సారలమ్మా..."

"మోకాళ్లు నొస్తున్నా గా పెద్దమ్మ మెట్లెక్కొచ్చి ప్రేమతోని పెట్టింది. ఆమెది తప్పు లేదు. నాదీ తప్పు లేదు. నేనెందుకు తుడుస్త?"

పరుపు కిందనుంచి సిలువ తీసి, కొంగుతో తుడిచి మేకుకు తగిలించింది. చాప పరవడం మొదలుపెట్టింది. నేను తువ్వాల పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆరింటికి ఇల్లు నిండింది. ముందుగా చూసింది మా వీధిలోనే ఉండే అమూల్య. "అక్కా, ఏంది నీ నొసలు మీద?"

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పాస్టరుగారు కూడా బైబిలు మూసి చూశారు. ఏ గుడికి పోయొచ్చిందో అని ఎవరో గుసగుసలాడారు. ఒక్క కూటమూ మానని మనిషిని పట్టుకుని ఆ మాట అన్నారు.

"మీ అన్నను అడుగు," అని సారలమ్మ అమూల్యతో అంది.

అందరూ నా వైపు తిరిగారు. ఇక్కడన్న మాట ఉప్పల్ చేరడానికి ఎంతసేపు? నేను నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఆమె పరువు పోతుంది. జేబులో గలిలయ సముద్రం రెండు పేజీలున్నాయి. బయటికి తీయలేదు.

"ఆమె పెట్టుకోలె," అన్నాను. "నేను పెట్టిచ్చిన. యెరూషలేముకు పోయి ఆఫీసుల కాశీ అని చెప్పిన. ఇయ్యాల వాళ్లు ఇంటికొస్తే సిలువ దాచిన. నన్ను కాపాడనీకి ఆమె తల వంచింది."

ఎవరైనా తిడతారని చూశాను. ఒక్కరూ తిట్టలేదు. ఒక్కొక్కరే కళ్లు దించుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గదిలో సగం మందివి నాలాంటి సర్టిఫికెట్లే. తలెత్తుకుని కూర్చున్నది సారలమ్మ ఒక్కతే.