అడ్మిరల్ గారికి అర్థంకాని పిలుపు

పదమూడో ఏట నౌకాదళ బడిలో చేరిన ఆంబ్రోస్ కెల్లవే రెండు యుద్ధాలు చూసి, వైస్ అడ్మిరల్‌గా రిటైరై, సౌత్‌సీ అనే ఊళ్లో గులాబీలు పెంచుకుంటున్నాడు. ఇన్నేళ్లూ ఓడలు ఆయన మాట విన్నాయి. గులాబీలు మాత్రం వినడం లేదు.

ఓ పొద్దున చేతికర్ర పట్టుకున్న మనిషి ఒకడు గేటు దగ్గర నిలబడ్డాడు.

"విల్ఫ్ జెస్సప్‌ని సార్. 'థిసిల్‌డౌన్' ఓడలో బాయిలర్ల దగ్గర పనిచేసేవాణ్ని."

ఆ ఓడ పేరు వినగానే కెల్లవే చేతిలో కత్తెర ఆగిపోయింది. అట్లాంటిక్‌లో ఆ ఓడ టార్పెడో తగిలి మునిగిపోయింది. మనుషులు నీళ్లలోంచి చేతులూపుతుంటే, మిగతా ఓడలను ఆగకుండా సాగిపొమ్మని ఆజ్ఞ ఇచ్చింది తనే. ఆగితే వెనకొచ్చే సరుకు ఓడలు కూడా దక్కేవి కావు. దానికి పతకం ఇచ్చారు. ఆయన దాన్ని ఒక్కసారీ పెట్టుకోలేదు.

జెస్సప్ తిట్టడానికే వచ్చాడనుకున్నాడు. ఆ తిట్లకు ఎప్పటినుంచో సిద్ధంగానే ఉన్నాడు.

"మాకు బాబు పుట్టాడు సార్. ఆదివారం బాప్తిస్మం. వాడి తరఫున ప్రమాణాలు చేసే జ్ఞానతండ్రిగా మీరు నిలబడాలి."

కెల్లవే తను సరిగ్గా విన్నాడో లేదో తేల్చుకోలేకపోయాడు. "నిన్ను సముద్రంలో వదిలేసింది నేనేనోయ్. తెలుసా?"

"తెలుసు సార్. చేపల పడవవాళ్లు పైకి లాగేదాకా మిమ్మల్ని తిడుతూనే ఉన్నాం. ఆ తిట్లే లేకపోతే చలికి కళ్లు మూసేవాళ్లం."

"అందుకని పిలుస్తున్నావా?"

"అందుక్కాదనుకుంటా సార్. మా ఆవిడా అదే అడుగుతోంది. చెప్పలేకపోతున్నా."

ఆదివారం కెల్లవే యూనిఫాం వేసుకోవాలా, మామూలు కోటు వేసుకోవాలా అని అద్దం ముందు చాలాసేపు తటపటాయించి, చివరికి కోటే వేసుకుని వెళ్లాడు. చర్చిలో జెస్సప్ భార్య ఈడిత్ బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

"తల కింద చెయ్యి పెట్టండి. మా ఆయన సంగతేమో గానీ, నేను మాత్రం మిమ్మల్ని క్షమించలేదు."

"మరి బిడ్డనెందుకు ఇస్తున్నావమ్మా?"

"నా చేతులు లాగేస్తున్నాయి."

పాదిరి గారు ప్రమాణాలు చెప్పమంటే కెల్లవే ఓడ మీద ఆజ్ఞలిచ్చే గొంతుతో చెప్పాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. జెస్సప్ నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

తరవాత వాళ్లింట్లో టీ తాగుతుంటే, ఈడిత్ మొహం చిటపటలాడిస్తూనే ఇంకో కేకు ముక్క ఆయన పళ్లెంలో వేసింది.

"వచ్చే ఆదివారం కూడా భోజనానికి రండి. ఆలస్యం చేస్తే మాంసం చల్లారిపోతుంది."

ఎందుకు పిలుస్తున్నావని అడగబోయాడు కెల్లవే. నోటికి మాత్రం వస్తానన్న మాటే వచ్చింది.