పొడపిఠా అంచు ముక్క

కేంద్రపడా దగ్గరి చిన్న ఆసుపత్రిలో నర్సు కుముదినికి ఒక రహస్యం తెలుసు. డాక్టర్ శతపథి మనసు బాగుంటే బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. బాగోలేకపోతే ఎవరికైనా అదే జ్వరం బిళ్ళ.

ఆ రోజు జిల్లా నుంచి వచ్చిన అధికారి 'ఉద్యోగంలో సంతోషం' గురించి డాక్టరుకు రెండు గంటలు పాఠం చెప్పాడు. మధ్యలో టీ కూడా తాగనివ్వలేదు. పాఠం ముగిసేసరికి డాక్టరు ముఖం మాడిపోయింది. అధికారి మాత్రం ఫలితం చూద్దామని ఆ గదిలోనే మూలన కుర్చీ వేసుకున్నాడు.

బయట కుంతల కూతురు మిలీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లకు మూడు వారాలుగా సాయంత్రమైతే జ్వరం. రెండుసార్లు వచ్చి బిళ్ళలతోనే తిరిగి వెళ్ళారు.

"దీదీ, ఈసారీ అవే ఇస్తే?"

"కాసేపు కూర్చో. ముందు ఆయనకి మందు వేసొస్తా."

రజ పండుగకని ఇంట్లో బియ్యప్పిండి, బెల్లంతో కాల్చి తెచ్చిన పొడపిఠాలో ఆయనకిష్టమైన, నల్లగా మాడిన అంచులు కోసి, కుముదిని డాక్టరు ముందు పెట్టింది.

"నాకేం వద్దు."

"అంచు ముక్కలు సార్. వద్దంటే మా అత్తగారికి పోతాయి."

"ఇలా పెట్టు."

రెండో ముక్కకి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుముదిని వెంటనే కుంతలను లోపలికి పిలిచింది.

"ఏం మిలీ, రజకి ఉయ్యాల ఊగావా?" అన్నాడు డాక్టరు.

"లేదు. మోకాళ్ళు నొప్పి."

ఆయన కలం కింద పెట్టాడు. "రాత్రి చెమటలు పడుతున్నాయా?"

"పక్క తడిసిపోతోంది సార్," అంది కుంతల.

"ఇంట్లో మేకలున్నాయా?"

"రెండు. ఒకదానికి ఈమధ్యే కడుపు పోయింది. ఇంకోదాని పాలు పితికిన వెంటనే మిలీ పచ్చివే తాగుతుంది. కాస్తే బలం పోతుందంటుంది మా అత్త."

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్."

డాక్టరు ముఖం ముడుచుకుంది. కుముదిని పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

ఆయన మూడో ముక్క నములుతూనే రక్తపరీక్షకు రాశాడు. పచ్చిపాలు మానిపించమన్నాడు. వారానికి ఫలితం వచ్చింది. మేకల నుంచి అంటిన జ్వరమే. ఆరు వారాలు మందు వాడాలి, వారం వారం చూపించుకోవాలి.

ఆ రోజు మూలన కూర్చుని అంతా చూసిన అధికారి, తన పాఠం గంటలోనే ఫలించిందని పైకి రాశాడు. డాక్టరు కూడా నిజమేనని సంతకం పెట్టాడు. మెచ్చుకోలుతో పాటు ఒక ఆజ్ఞ కూడా వచ్చింది. డాక్టరు గదిలో తినుబండారాలు ఉండరాదు.

కుముదిని ఆ కాగితాన్ని తలుపుకు తనే అతికించి, కుంతల వైపు తిరిగింది.

"గురువారం వచ్చినప్పుడు తొందరపడి లోపలికి వెళ్ళకు. సార్ మందుల గదిలోకి వెళ్ళి మూతి తుడుచుకుంటూ వస్తారు. అప్పుడు పిలుస్తా."