కడుపుబ్బిన గోడ

వారం నుంచి ముసురు. అయినా అత్తగారి గదిలో పాత రాతిగోడ పొడిగా ఉందని అల్లుడు మురిసిపోతున్నాడు. వేసవిలో బయటివైపు రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్పించింది అతనే.

తాపీమేస్త్రీ అయిన బావమరిది మాత్రం వాకిట్లోనే ఆగిపోయాడు.

"బావా, గోడకి కడుపొచ్చింది!"

"కవలలేమో చూడు బామ్మర్దీ," అని నవ్వుతూ వచ్చిన అల్లుడి మొహం పాలిపోయింది. గోడ మధ్యలో జానెడు ముందుకి ఉబ్బింది.

"పైన పగులులోంచి నీళ్లు దిగుతున్నాయి. సందుల్లో పాత సున్నమే ఉండుంటే ఆ చెమ్మ బయటికి పోయేది. నువ్వు దారి మూసేశావు. రెండు వరసల రాళ్ల మధ్య మట్టంతా బురదైపోయింది. అమ్మ ఏదీ?"

"లోపల పడుకుంది!"

ఇద్దరూ పరిగెత్తారు. ద్వారబంధం ఒరిగి తలుపు బిగుసుకుపోయింది. అల్లుడు గునపం ఎత్తాడు.

"కొట్టకు! అదిరితే కూలిపోతుంది." మేస్త్రీ పనిముట్ల సంచిలోంచి రంపం తీసి తలుపు కింది చెక్క కోయసాగాడు.

"ఒరేయ్," లోపల్నుంచి తల్లి కేకేసింది, "గోడలో ఏదో జారుతోందిరా!"

"నేలమీద పాక్కుంటూ రా అమ్మా! గోడకేసి చూడకు!"

"నా మోకాళ్ల సంగతి తెలిసే అంటున్నావా?"

చెక్క ఊడింది. ముందు చేతులొచ్చాయి, తర్వాత తల. నడుము దగ్గర ఇరుక్కుంది. లోపల ఒక రాయి దబ్బున పడింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

ఆమె పాదాలు గడప దాటాయో లేదో, గోడ లోపలి వరస మంచం మీద కూలబడింది.