ఎడం వైపు అద్దం

అద్దంలో ఆకాశం.

ఆకాశం తప్ప ఏమీ లేదు. సందు లేదు, గోడ లేదు, వ్యాను పక్క రేకు కూడా లేదు. తెల్లటి మబ్బు ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచి వెళ్లిపోతోంది... ఎవరితోనూ పని లేనట్టు.

పాత వ్యాను. ఆసుపత్రి దుప్పట్లు మోసే వ్యాను. ఉతకడం నా పని, తోలడం కోడలి పని. ఎడం వైపు అద్దాన్ని తిప్పే మోటారు ఎప్పుడో మూగబోయింది. చేత్తో నొక్కి కిందికి దించితే, నాలుగు గతుకులు దాటేసరికి మళ్లీ పైకే చూస్తుంది.

అందుకే సందులోంచి వ్యాను వెనక్కి తీసేటప్పుడు నేను దిగి కేకలేస్తాను.

అద్దం బదులు నా గొంతు.

నిన్న కూడా అంతే.

"ఎడం, ఎడం" అన్నాను.

గోడకు ఎడం ఉంచమని. దూరంగా తీయమని.

ఎడం వైపుకు తిప్పమన్నానని అనుకుంది కోడలు. తిప్పింది.

వ్యాను తోక గోడ మీదికి వచ్చింది. వ్యానుకూ గోడకూ మధ్య — నా మనవరాలు.

ఎప్పుడు వచ్చిందో. ఒక్కచోట నిలవదని దాన్ని బొంగరం అంటాం. అప్పుడు మాత్రం నిలబడింది... వీపు గోడకు ఆనించి, చేతులు బారజాపి.

నా అరుపుకి బ్రేకు పడింది.

జానెడు చోటు మిగిలింది.

అది నవ్వింది. "మళ్లీ ఆడదామా నానమ్మా" అంది.

ఆ నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు. కొడుక్కి నేను చెప్పలేదు. కోడలూ చెప్పలేదు.

ఇవాళ వాడు పనికి వెళ్లాక బొంగరాన్ని లోపల పెట్టి గడియ వేశాను. గడియ పడిందో లేదో మళ్లీ చూశాను. మళ్లీ చూశాను.

దుప్పట్లు మూటల్లోనే ఉన్నాయి. సాయంత్రంలోగా అవి చేరాలి. అంతకంటే ముందు ఈ అద్దం కిందికి చూడాలి.

కోడలు వాళ్ల అన్నయ్య మెకానిక్కు. అతనికి ఫోను చేసి, స్పీకరు నొక్కి సీటు మీద పెట్టింది.

"కుడి అద్దం తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే ఫ్యూజు బాగానే ఉంది. ఎడం తలుపు లోపలి అట్ట ఊడదీయి. అయినా ఇన్నాళ్లూ మబ్బులు చూస్తూ తోలావు, ఇవాళేం ముంచుకొచ్చింది?"

కోడలు నా వైపు చూసింది.

"ఊరికే" అంది.

"ఊరికే నువ్వు గరిటె కూడా ముట్టవు. అత్తయ్యగారు పోరు పెడుతున్నారా?"

"నా పోరే బాబూ" అన్నాను.

అట్ట ఊడింది. కరెంటు వస్తే వెలిగే టెస్టు లైటు మొనను కోడలు వైరుకు ఆనించింది. నేను స్విచ్చి నొక్కాను.

వెలగలేదు.

నొక్కాను.

వెలగలేదు.

"తలుపు మెల్లగా మూస్తూ తెరుస్తూ ఉండు" అన్నాడు.

లైటు మినుకుమంది. ఆరింది. మినుకుమంది...

"దొరికింది. తలుపు బందు దగ్గర రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, వైర్లన్నీ అందులోంచే తలుపులోకి పోతాయి. ఒక్కొక్కటీ పట్టుకుని లాగు. తెగినదైతే సాగుతుంది."

నీలం వైరు. నున్నగా, కొత్తదానిలా ఉంది. కోడలు లాగితే సాగింది — ఎముక లేని వేలులా.

పైన గీత కూడా లేదు. లోపల రాగి తెగిపోయింది. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా, కొంచెం కొంచెంగా...

పాప ఒంటి మీదా గీత లేదు.

కొత్త ముక్క కలిపి నల్ల టేపు చుట్టింది. టేపు చివరను నేను నొక్కి పట్టుకున్నాను.

స్విచ్చి నొక్కింది. మోటారు మూలిగింది. ఆకాశం అద్దంలోంచి జారిపోయింది. గోడ వచ్చింది. సందు వచ్చింది.

"ఇంక అత్తయ్యగారి గొంతుకి సెలవు" అని అతను ఫోను పెట్టేశాడు.

కోడలు తోలే సీట్లో కూర్చుంది. నేను వెళ్లి అక్కడ నిలబడ్డాను. వీపు గోడకు ఆనించి.

"కనబడుతున్నారు అత్తయ్యా."

బొంగరం నా అంత ఎత్తు లేదు.

మోకాళ్లు పట్టుకుని దాని ఎత్తుకు కుంగి కూర్చున్నాను.

"ఉన్నానా?"

"...లేరు."

మోటారు మూలిగింది. అద్దం ఇంకా వంగింది.

"ఇప్పుడు మీ తల కనబడుతోంది. కానీ వెనక సందు పోయింది."

మూలిగింది. సందు వచ్చింది, నేను పోయాను. మూలిగింది. నేను వచ్చాను, సందు పోయింది.

పైకి... కిందికి... పైకి...

ఆగింది.

"సందు చివరి దాకా కనబడుతోంది అత్తయ్యా" అంది కోడలు, చాలా మెల్లగా. "ఎవరూ లేరు."

నేను అక్కడే కూర్చుని ఉన్నాను.