చీటీలో చివరి పని

గ్యాస్ కట్టేయడానికి కూడా చీటీ రాసుకునే మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడా అని కళ్యాణి పాతికేళ్లుగా వీధిలో అందరినీ అడుగుతోంది. ఇంతవరకు ఎవరూ చేయెత్తలేదు. ఓబులేష్ ముందు ‘గ్యాస్ ఆపాలి’ అని రాస్తాడు, తర్వాత ఆపుతాడు, ఆపాక టిక్ పెడతాడు.

“ఈ పొద్దుతో రిటైరు. ఈ పొద్దన్నా చీటీ లేకుండా పో సామీ,” అంది అన్నం డబ్బా అందిస్తూ.

‘డబ్బా తీసుకోవాలి’ అని రాసుకున్నాకే తీసుకున్నాడు.

పీణ్య పారిశ్రామికవాడలోని అతని కంపెనీ పాల కేంద్రాలకు చిన్న కంప్యూటర్ పెట్టెలు చేస్తుంది. పాల చల్లదనాన్ని నిమిషానికోసారి నమోదు చేయడం వాటి పని. నలభై పెట్టెలు నాలుగింటికి లారీ ఎక్కాలి. వాటిని నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్. అందులోంచి జర్నలింగ్ ఫైల్‌సిస్టంను తీసేశాడు మేనేజర్ చేతన్. అలా చేస్తే పెట్టె రెండు సెకన్లు ముందే లేస్తుందట. జర్నలింగ్ అంటే మరేం లేదు, డిస్కులో ఏదైనా మార్చేముందు ఆ సంగతి ఒక మూల రాసిపెట్టుకోవడం. ఓబులేష్‌కు అది ఒకరు నేర్పనక్కర్లేదు.

“కరెంటు పోతే రాత సగంలో నిలిచిపోతాదప్పా. పెట్టె మళ్లీ లేయదు.”

“యూపీఎస్ ఉండాది కదా అంకుల్! లాస్ట్ డే కూడా టెన్షనేనా? సరే, మూడింటి దాకా టైమ్. ప్రూవ్ చేయండి.”

బొమ్మసంద్రలోని పాత కంపెనీలో ఒకప్పుడు ఇలాగే కరెంటు పోయి పదకొండు రోజుల రీడింగులు గల్లంతయ్యాయి. నింద ఆపరేటర్ ఓబులేష్ మీద పడింది, ఉద్యోగం పోయింది. చీటీలు అప్పటి నుంచే.

‘జర్నల్ కెర్నెల్ లోపలే పెట్టాలి’ అని రాశాడు. దారానికి వేలాడే కళ్లద్దాలు సర్దుకుని మెనూలో ఎంచాడు, చీటీలో టిక్ పెట్టాడు. కొత్త కెర్నెల్ తయారవుతూ తెరమీద వరసలు నలభై నిమిషాలు పరిగెత్తాయి. తీరా పెట్టె ఆన్ చేస్తే, డిస్కు కనబడటం లేదంది.

కంగారులో చేయి పక్క గడి మీద పడిందని అప్పుడు తెలిసింది. జర్నల్ కెర్నెల్‌లోకి కాక విడి ముక్కగా డిస్కులోకి చేరింది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. చూడకుండానే టిక్ పెట్టేశాడు, పాతికేళ్లలో మొదటిసారి.

“చీటీ కూడా అబద్ధమాడిందా అంకుల్?” చేతన్ నవ్వాడు.

మళ్లీ మొదలు. డబ్బా మూత తీయలేదు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ గడియారం వైపు ఓరకంట చూశాడు. రెండున్నరకు పని ముగిసింది. ఈసారి మెనూ రెండుసార్లు చూసుకుని గానీ టిక్ పెట్టలేదు.

చేతన్ పెట్టెనూ తన పెట్టెనూ ఒకే ప్లగ్గుకు తగిలించి, రెండూ రాస్తుండగా ప్లగ్గు లాగాడు. పెట్టాడు. మళ్లీ లాగాడు. ఎనిమిదిసార్లు రెండూ లేచాయి. చేతన్ వాచీ చూసుకున్నాడు. తొమ్మిదోసారి అతని పెట్టె నల్లటి తెరతో ఉండిపోయింది. ఓబులేష్ పెట్టె క్షణం ఆగి, రాసిపెట్టుకున్నది చదువుకుని, ఆగినచోటి నుంచి అందుకుంది.

 నలభై పెట్టెల్లోనూ ఆ కెర్నెలే ఎక్కించమని సైగ చేసి చేతన్ లోపలికి పోయాడు. లారీ కదిలాక దండ, మైసూర్‌పాక్, చప్పట్లు. అయిదింటికి ఓబులేష్ బస్సెక్కాడు.

ఏడింటికి బల్ల ఖాళీ చేయించడానికొచ్చిన చేతన్‌కు కీబోర్డు కింద చీటీ దొరికింది. ‘ఇంటికి పోవాలి’ అన్నదానికి తప్ప అన్నిటికీ టిక్కులు. ఏదో గుబులు పుట్టి ఫోన్ చేశాడు.

“ఇల్లు చేరినారా అంకుల్?”

“ఇప్పుడే వాకిట్లో చెప్పులు ఇడస్తా ఉండా. చీటీ ఆడే మర్చిపోయినా. టిక్ పెట్టేయప్పా.”

పెట్టాడు. దాని కింద ఇంకో వరస రాశాడు: ‘తప్పు ఒప్పుకోవాలి.’ రాశాకే చెప్పాడు.

“అంకుల్, జర్నల్ తీసేసింది నా తప్పే.”

చెప్పాక ఆ వరసకూ టిక్ పెట్టాడు. బల్లమీద చీటీ, దాని పక్కన మూత తీసిన పెన్ను.