చేతికి తెలియాలి

పళ్ళెం కిర్రుమనాలి. మా ఇంట్లో గిన్నెలు తోమడం పూర్తయిందనడానికి అదొక్కటే గుర్తు. కడిగిన పళ్ళెం మీద అత్తయ్య చూపుడు వేలు పెట్టి అంచు దాకా లాగుతుంది. కిర్రుమంటే సరే, అనకపోతే పళ్ళెం మారుమాట లేకుండా మళ్ళీ సింకులోకి వస్తుంది. "జిడ్డు పోయిందో లేదో కంటికి తెలియదమ్మాయ్, చేతికి తెలియాలి" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను సింకు దగ్గర స్పాంజి కోసం వెతుక్కుంటే ఆవిడ నవ్వేసి, నా నాలుగు వేళ్ళూ బూడిదలో ముంచి, గిన్నె మీద ఎలా తిప్పాలో దగ్గరుండి నేర్పింది. అప్పుడు ముచ్చటేసింది కూడా. ఏదో విద్య చెబుతున్నంత శ్రద్ధగా నా చేయి పట్టుకుంది మరి.

మా ఇంట్లో కొనుక్కొచ్చిన పౌడర్లు, లిక్విడ్లు ఉండవు. వీధి చివర బేకరీ వాళ్ళ పొయ్యి బూడిద తెచ్చుకుని జల్లెడ పడతాం. పిండేసిన నిమ్మతొక్కలు ఉప్పులో ఊరుతుంటాయి, అవి కుళాయిల మరకలకి. కోడిగుడ్డు పెంకులు నలిపి వేసి గిలక్కొడితే సీసాల అడుగు తేటపడుతుంది. అద్దాలకు వెనిగరూ పాత పేపరూ. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ తడిపి ఉండ చుడితే అదే కొత్త సబ్బు. మా ఆయన బనియన్ చిరిగితే ముందు దుమ్ము గుడ్డ, తర్వాత సింకు గుడ్డ, ఆ తర్వాత నేల గుడ్డ అవుతుంది, పీలికలయ్యేదాకా దానికి రిటైర్మెంట్ లేదు. వీటన్నిటికీ పెద్దది సోడా. మాడిన గిన్నెకీ అదే, చొక్కా కాలర్‌కీ అదే, బాత్రూమ్ గచ్చుకీ అదే. ఇవన్నీ దండగ అని నేననను. నిజంగానే పనిచేస్తాయి. మా ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందంటే, వచ్చినవాళ్ళు సోఫాలో వెనక్కి వాలడానికి కూడా జంకుతారు. "మా ఇంట్లో ఏదీ వృథా పోదండీ" అని ఆయన కాలు మీద కాలేసుకుని చెబుతుంటారు. ఆ మాట అనే సమయానికి నేనెప్పుడూ వాళ్ళు తాగిన కప్పులు ఎత్తుతూ ఉంటాను. వృథా పోనివాటిలో నా సాయంత్రాలు కూడా ఉన్నాయా అని అడగాలనిపిస్తుంది. కానీ చేతిలో కప్పులుంటాయి కదా, వంటింట్లోకి వెళ్ళిపోతాను.

నేను ఒక గిడ్డంగి ఆఫీసులో బిల్లులు కొడతాను. గొప్ప ఉద్యోగమేం కాదు. కిటికీ లేని గది, ఒక చక్రం ఊడిపోయిన కుర్చీ. అయినా ఆ కుర్చీ నాది. నేను కూర్చుని ఉండగా నన్నెవరూ లేవమనని చోటు ఈ లోకంలో అదొక్కటే. ఈమధ్య ఆఫీసు గుమ్మంలో హాజరు మెషీన్ పెట్టారు. వేలు ఆనిస్తే పచ్చ లైటు వెలగాలి, లోపలికి పోవాలి. అందరికీ వెలిగింది. నాకు ఎర్ర లైటు వెలిగి, ఒక ఆడగొంతు "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంది. మళ్ళీ పెట్టాను. చీర కొంగుతో తుడుచుకుని పెట్టాను. బొటనవేలు, మధ్యవేలు, ఆఖరికి చిటికెనవేలు కూడా పెట్టాను. వెనకాల లైన్లో ఉసూరుమనడాలు వినబడుతున్నాయి. ఆ గొంతుకి మాత్రం విసుగు రాలేదు. ఇంటా బయటా కలిపి నాతో దయచేసి అన్నది అదొక్కటేనని తోచి, ఆ సిగ్గులో కూడా నాకు నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచీ ఇదే తంతు. మెషీన్ కాదనడం, నేను పక్కకి తప్పుకుని మేనేజర్ వచ్చేదాకా గోడకి ఆనుకుని నిలబడడం, ఆయన వచ్చి నన్ను చూసి ఈమె వచ్చిందని అకౌంట్స్ వాళ్ళకి చెప్పడం. ఆయన చెడ్డవాడేం కాదు, జోకులేసే మనిషి. "ఏం మేడమ్, మళ్ళీ వేళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చారా?" అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే పొగరంటారు. కుర్చీలో కూర్చున్నాక ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. బిల్లు కొడుతున్న వేళ్ళ కేసి చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ పగుళ్ళు, కొసలు ఎర్రగా, నున్నగా, ఏ గీతా లేకుండా ఉన్నాయి. నా వేళ్ళని నేను అంత తీరిగ్గా చూసుకుని ఎన్నాళ్ళయిందో.

తర్వాత ఒకరోజు మేనేజర్ క్యాబిన్లోకి పిలిచాడు. ఈసారి జోకు లేదు. "పైవాళ్ళు ఇక ఒప్పుకోవట్లేదు మేడమ్. వచ్చే నెల నుంచి వేలు పడితేనే వచ్చినట్టు. పడకపోతే రానట్టే. అలా రానట్టే ఉంటే ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా?"

"నేను మీ ఎదురుగానే ఉన్నాను కదా సార్."

"ఉన్నారు, నాకు తెలుసు. మెషీన్‌కి తెలియాలి కదా."

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా వేళ్ళు దీపం కింద తిప్పి తిప్పి చూసి, "ఏం చేస్తుంటారు?" అంది. బిల్లులు కొడతానన్నాను. "అది కాదు, ఇంట్లో?" అంది. "ఏం చేయనండీ, మామూలు ఇంటి పనే" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "ఆ ఏం చేయకపోవడం వల్లే అరిగిపోయాయి" అంది. బూడిద, సోడా, నిమ్మరసం ముట్టుకోవద్దంది. నీళ్ళలో చేయి పెట్టొద్దంది, తప్పకపోతే గ్లవుజులు వేసుకోమంది. "చర్మం మంచిదమ్మా, దాని మానాన దాన్ని వదిలేస్తే మళ్ళీ వస్తుంది" అంది. దాని మానాన దాన్ని వదిలేయడం అనే మాట విన్నాక బస్సులో దారంతా ఏడుపు ఆగలేదు.

పసుపురంగు రబ్బరు గ్లవుజులు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను. అత్తయ్య వాటిని పట్టుకుని సాగదీసి చూసి, "తొడుగేసుకుని తోమితే జిడ్డెలా తెలుస్తుంది? చేతికి తెలియాలి కదే" అంది. ఆయన టీవీ లోంచి తల తిప్పకుండా "మా అమ్మ ఇన్నేళ్ళు తోమింది, ఆవిడ చేతులేమన్నా ఊడిపోయాయా? నువ్వు ప్రతిదీ మరీ ఎక్కువ చేస్తావు" అన్నారు. అయినా వేసుకుని తోమాను. పళ్ళేలు సగం తిరిగొచ్చాయి. తెల్లారి మళ్ళీ తోమాను. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గ్లవుజులు లేవు. వంటింటి అరలో చూద్దును కదా, పప్పు పొట్లానికీ పంచదార పొట్లానికీ ఉప్పు పొట్లానికీ మూతి చుట్టూ పసుపురంగు రింగులు. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. "ఆ వేళ్ళు సన్నగా కోస్తే రబ్బరు బ్యాండ్లు ఎంత చక్కగా వచ్చాయో చూడు. అరచెయ్యి ముక్క దాచాను, బిగుసుకున్న మూతలు తీయడానికి పనికొస్తుంది. ఊరికే సింకు పక్కన పడుంటేనూ" అంది.

ఆవిడ మీద అరుద్దామని నోరు తెరిచాను. ఆ ముఖంలో కక్ష ఉంటే అరిచేదాన్నే. కానీ అక్కడ ఉన్నది ఒక వస్తువు పనికొచ్చిందన్న సంతోషమే. పది వేళ్ళనీ ముక్కలు ముక్కలుగా కోసి ఇంత ఆనందంగా నిలబడిన మనిషిని ఏమని తిట్టను? ఆ రోజు ఆయన భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. మెషీన్, మేనేజరు, డాక్టరమ్మ, ఒకటో తారీఖు. ఆయన ఓపిగ్గానే విన్నారు. వేలు నాకి, మంచినీళ్ళు తాగి, "పోనీ మానెయ్. ఎలాగూ ఆ మెషీన్ నిన్ను గుర్తుపట్టట్లేదుగా" అన్నారు. అని, కంచం అక్కడే వదిలేసి లేచి వెళ్ళారు. నేను ఆ కంచం తీసుకుని సింకు దగ్గరికి నడిచాను. నడుస్తున్నానని నడిచాక గానీ తెలియలేదు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టకుండా మాడ్చలేదు. ఎవరి మీద ఎవరికి చెప్పుకోను? సోడా మీద చెప్పుకోనా? ఊపిరాడకుండా ఎవరో గొంతు పట్టుకున్నట్టుంది, తడుముకుంటే అక్కడ ఎవరి చేతులూ లేవు.

నెల చివరికొచ్చింది. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా పాప స్కూలు బట్టల్లోనే సోఫాలో ముడుచుకుని పడుకుని ఉంది. ఒంట్లో బాగాలేదంది. నుదుటి మీద చేయి వేశాను. ఏమీ తెలియలేదు. ఈ చేయి తీసి ఆ చేయి వేశాను. గోడ మీద వేసినట్టుంది. వేడిగా ఉందా, చల్లగా ఉందా, అసలు కింద మనిషి ఉందా? మెడ కింద పెట్టాను, పొట్ట మీద పెట్టాను. "అమ్మా, గీరుకుంటోంది, తియ్యి" అని పాప నా చేయి తోసేసింది. ఆ తోయడంలో కోపం లేదు. ముళ్ళకంప తగిలితే తోసినట్టు తోసింది. నేను కన్నపిల్ల నుదురు నా చేతికి తెలియలేదు. పళ్ళెం మీద జిడ్డు కనిపెట్టడం నేర్చిన చేయి ఇది.

"బుగ్గ ఆనించి చూడు."

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు తుడుచుకుంటూ. నేను వంగి పాప నుదుటికి నా బుగ్గ ఆనించాను. కాలిపోతోంది.

"వాడి చిన్నప్పుడు నేను అలాగే చూసేదాన్ని. చేతికెక్కడ తెలిసేది" అంది ఆవిడ, మందు సీసా అందిస్తూ, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

పాపని గదిలో మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుని మందు పట్టాం. తడిగుడ్డ పిండి వేశాం. అప్పుడు నేను ఆవిడ చేయి పట్టుకుని వెనక్కి తిప్పి చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. వేళ్ళ కొసలు అరిగిన సబ్బు ముక్కల్లా ఉన్నాయి, నున్నగా, పల్చగా.

"మరి పళ్ళెం, అత్తయ్యా? వేలు పెట్టి చూస్తారు కదా?"

ఆవిడ చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది. "చప్పుడు వింటానే" అంది.

"ఎవరికైనా చెప్పారా?"

"ఏమని చెప్పను? గిన్నెలు తెల్లగానే వచ్చేవి కదా."

ఈవిడ నాకు నేర్పిన విద్య ఈవిడకే ఎప్పుడో పోయింది. పోయిందని చెప్పకుండా, దాన్నే నా చేతికి అప్పగించి, ఆ కిర్రుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. నేనూ ఇంతే. నేనూ ఒకరోజు గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ, "బుగ్గ ఆనించి చూడవే" అని ఈ పిల్లకి చెబుతాను.

ఆయన వచ్చారు, భోంచేశారు. పాప గదిలోకి ఒకసారి తొంగి చూసి, నిద్రపోతోందా అని అడిగి, హాల్లోకి వెళ్ళారు. కాసేపటికి అక్కడి నుంచే, "ఏంటి, ఇంకా సింకు చప్పుడే లేదు? గిన్నెలు ఎండిపోవూ?" అన్నారు. మాట వినబడగానే అత్తయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది. నా కాళ్ళు కూడా లేవబోయాయి. వాటికి నాతో పని లేదు, ఆ గొంతు చాలు. ఒక చేత్తో మంచం పట్టె పట్టుకున్నాను, రెండో చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"మీరూ కూర్చోండి."

"ఎండిపోతే రేపు వదలదే" అంది భయంగా.

"వదలకపోనివ్వండి."

ఆయన గుమ్మంలోకి వచ్చారు. మా ఇద్దరినీ చూసి, "ఏమైంది? ఎవరు తోముతారు మరి?" అన్నారు. దీనికి జవాబు నేను ఎన్ని రోజులుగా బస్సుల్లో కూడబలుక్కున్నానో. న్యాయం, సమానం, నా జీతం, నా చర్మం, అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"నేను తోమను. మీ చేతులు బాగానే ఉన్నాయిగా" అన్నాను.

ఆయన ముందు నవ్వారు. తర్వాత మా ముఖాలు చూసి ఆపేశారు. "నాకేం తెలుసు, దేనికి ఎంత తోమాలో, ఎంత సోడా వెయ్యాలో?"

"చేతికి తెలుస్తుందిలేరా" అంది అత్తయ్య. ఆయన వైపు చూడకుండా, పాప దుప్పటి సర్దుతూ అంది. అలవాటు కొద్దీ అందో, కావాలనే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన హాల్లోకి వెళ్ళి టీవీ సౌండ్ పెంచారు. కుళాయి తిప్పిన చప్పుడు రాలేదు. సింకులో గిన్నెలు ఎండిపోతున్నాయి. రేపు మాటలు పడాలి, ఎల్లుండి ఇంకా ఎక్కువ పడాలి. ఒకటో తారీఖు లోపల నా గీతలు రావు, అది నాకు తెలుసు. గుమ్మం దగ్గర ఆ ఆడగొంతు మళ్ళీ ప్రయత్నించమంటుంది, నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అన్నీ తెలుసు. అయినా లేవలేదు. నిద్రపోతున్న పాప నుదుటి మీద నా చేయి మెల్లగా ఆనించాను. వేడి నా చేతికి తెలిసే రోజు దాకా ఆ సింకు ముట్టుకోను. ఇంకా ఏమీ తెలియలేదు. చేయి మాత్రం తియ్యలేదు.