కిటికీలో డ్రైవరు

"అసలు బండిలో మనిషే లేడండీ. ఈ డ్రైవరు బొమ్మ చెరిపేసి ఇస్తే, నిజం బండి ఫొటో పక్కన పెట్టుకుంటాం," అంది మ్యూజియం అమ్మాయి, రేకు బొమ్మని నా బల్ల మీద పెట్టి. చంద్రుడి మీద నడిచిన లూనోఖోద్ బండికి నకలు అది. ఎనిమిది చక్రాలు. తాళంచెవి తిప్పితే నడుస్తుంది.

నాకు ముక్కు మీద కోపం. అయినా "సాయంత్రం రామ్మా" అని ఊరుకున్నాను. పాత బొమ్మలు బాగుచేయడమే నా పని. పైగా ఇది మా ఫ్యాక్టరీ బొమ్మే. ప్రెస్సు మీద రేకు కొట్టింది నేను, డ్రైవర్ని గీసింది మా ఆవిడ.

మా యజమాని పేపర్లో మసకగా పడిన ఫొటో చూసి, బండి ముందు నల్లగా ఉన్నదాన్ని కిటికీ అనుకున్నాడు. ఆగమేఘాల మీద అచ్చు కోయించేశాడు. తీరా చూస్తే అందులో ఎవరూ కూర్చోరట, భూమ్మీది నుంచే నడుపుతారట! ఇక అచ్చు మార్చడం ఎవరి తరం? కిటికీ బోసిగా మిగిలింది. మా ఆవిడ కుంచె తీసుకుని అందులో మనిషిని గీసేసింది.

"మనిషి లేని బండికి డ్రైవరెందుకే, నీ మొహం!" అని పకపకా నవ్వాను.

"అంత దూరంలో అదొక్కటే ఉంటే బెంగ పెట్టుకోదూ?" అంది.

ఫ్యాక్టరీ అంతా నవ్వింది. ఆమె మాత్రం గీస్తూనే పోయింది. నా చేతికి ఉత్త రేకే తప్ప రంగు వేసిన బొమ్మ ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆమె పోయాక ఈ కొట్టే నా లోకం. రోజంతా మాట్లాడేది స్ప్రింగులతోనే, తిట్టేదీ వాటినే.

దూదితో మడ్డి తుడిచాను. చెరిపే ముందు భూతద్దం పెట్టి చూశాను. డ్రైవరు కుడి కనుబొమ మధ్యలో సన్నటి గాటు. ప్రెస్సు దగ్గర రేకు ఎగిరొచ్చి నా కనుబొమ తెగింది సరిగ్గా అక్కడే. ఆ మూతి ముడుచుకోవడం కూడా నాదే. ఒంటరి బండికి తోడుగా నన్ను పంపింది మహాతల్లి. నాకు తోడుగా ఎవర్నీ గీయకుండానే వెళ్లిపోయింది. ఏడ్చాను. సిగ్గెందుకు?

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. "చెరిపేశారా బాబాయ్ గారూ?"

"లేదు. చెరపను. కావాలంటే ఫ్యాక్టరీవాళ్ల తప్పని పక్కన రాసుకోండి."

ఆమె బల్ల మీది భూతద్దం తీసుకుని బొమ్మని చూసింది. తర్వాత నా కనుబొమ వైపు చూసింది.

"ఇలాగే పెడతాం లెండి," అంది మెల్లగా.

నా కొట్లో నేను ఎవర్నీ కూర్చోమన్నది లేదు. ఆ పూట మాత్రం కుర్చీ మీది రేకుముక్కలన్నీ తీసేసి, "కాసేపు కూర్చోమ్మా" అన్నాను.

"బయట వ్యాను ఆగి ఉందండీ. ఇంకోసారి వస్తాను."

బొమ్మని అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను తలుపు మూసి వచ్చాను. రేకుముక్కల్ని మళ్లీ కుర్చీ మీద పెట్టలేదు.